అటుపక్క నుంచి రెండు దెబ్బలు

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నాకున్నంత హక్కు గోదావరిఖనిలో ఇంకెవరికీ లేదు. ఎందుకంటే ఇక్కడ తిరిగే దయ్యాల్లో సగం నేను తయారుచేసినవే.

బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో, కొత్తగా చేరినవాళ్లు మొదటిసారి లోపలికి దిగుతుంటే వాళ్ల పక్కన నడుస్తూ ఒక కథ చెప్పేవాణ్ణి. పాతబడి మూసేసిన సొరంగంలో తల లేని మనిషి ఒకడు క్యాప్ ల్యాంపు చేతిలో పట్టుకుని తిరుగుతుంటాడని. తల లేదు కదా, ల్యాంపు ఎక్కడ పెట్టుకుంటాడు, అందుకే చేతిలో పట్టుకుంటాడు. ఆ వివరం నా సొంతం. చాలా ఏళ్ల తర్వాత శ్రీరాంపూర్‌లో ఒక పెళ్లికి పోతే, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి అదే కథ నాకే చెప్పాడు. వాళ్ల మేనమామ కళ్లారా చూశాడట. ల్యాంపు చేతిలోనే ఉందట. నేను భయపడ్డట్టు మొహం పెట్టి చివరిదాకా విన్నాను.

మిఠాయి చేసేవాడికి మిఠాయి మీద మోజు ఉండదు. నాదీ అంతే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను ఓవర్‌మన్‌గా, అంటే బాయిలో పని చేయించే అధికారిగా, రిటైరయ్యానని మా వీధిలో చాలామంది అనుకుంటారు. వాళ్లు అలా అనుకోవడానికి నేను కొంత సాయం చేశాను. నిజానికి నేను తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపినవాణ్ణి. మోకాళ్లు మొరాయించాక చివరి ఏళ్లు నీళ్లు తోడే పంపు దగ్గర కూర్చోబెట్టారు. ఉన్నదాన్ని పెంచి చెప్పడం నా అలవాటు. ఇందులో కూడా ఒకటి రెండు చోట్ల నాలుక దురద పెడుతుంది. పెంచితే వెంటనే ఒప్పుకుంటాను.

ఇది మా మనవరాలు లావణ్య బీఏ చదివినప్పటి సంగతి.

నా కొడుకు ఓపెన్ కాస్టు గనిలో కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతాడు. కోడలు సుజాత ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. లావణ్య వాళ్లకు ఒక్కతే. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడి డిగ్రీ కాలేజీలో బీఏలో చేరి, అందులో ఇంగ్లిషు సాహిత్యం తీసుకుంది.

“కంప్యూటర్లు తీసుకోరాదు బిడ్డా, ఈ ఇంగ్లిష్ పద్యాలు ఏం పెడ్తయి?” అని వాళ్ల నాన్న అడిగాడు.

“నాకు మంచిగనిపిస్తది నాయినా” అంది.

అంతకు మించి ఆ పిల్ల దేనికీ జవాబు చెప్పదు. మా ఇంటికి రావాల్సిన మాటలన్నీ నేనే వాడేసుకున్నానేమో, దాని దాకా వచ్చేసరికి మిగల్లేదు.

రాస్తే మార్కులు బాగా వచ్చేవి. చిక్కంతా మాట్లాడటం దగ్గరే. వాళ్ల ఇంగ్లిషు మేడమ్ ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, ఒక పద్యం చదివించి, దాని గురించి ఇంగ్లిషులోనే నాలుగు ముక్కలు చెప్పమనేది. దాన్ని సెమినార్ అంటారు. మొదటి సంవత్సరంలో లావణ్య అలా వెళ్లి నిలబడింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. వచ్చి కూర్చుంది. ఆ తర్వాత సెమినార్ అంటే చాలు, ముందురోజే జ్వరం వచ్చేది. అబద్ధపు జ్వరం కాదు, ఒళ్లు నిజంగానే కాలేది.

చివరి సంవత్సరంలో మేడమ్ ఖచ్చితంగా చెప్పేసింది. సెమినార్ ఇవ్వకపోతే ఇంటర్నల్ మార్కులు వేయనని. ఆ సాయంత్రం అన్నం తింటూ లావణ్య మా అందరికీ ఒకేసారి చెప్పింది, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా.

“నేను కాలేజి బందు వెడ్త. లక్ష్మీనగర్ల చీరెల దుకాణంల అడిగిన. రమ్మన్నరు.”

“డిగ్రీ ఐపోవచ్చె గదనే” అంది సుజాత.

“ఐపోదమ్మా. నాతోని కాదు.”

ఎవరూ తిట్టలేదు, ఎవరూ బతిమాలలేదు. నా కొడుకు డ్యూటీకి పోయాడు. కోడలు ఆ రాత్రి కుట్టిన జాకెట్టుకు కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు కుట్టి, పొద్దున చూసుకుని విప్పుకుంది. దుకాణంలో చేరడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి కాబట్టి లావణ్య కాలేజీకి పోవడం, మధ్యాహ్నం వచ్చి పుస్తకం ముందు కూర్చోవడం మానలేదు. అలవాటు చొప్పున చదువుతోంది, అంతే.

మేముండేది వరుసగా కట్టిన అద్దె పోర్షన్లలో. పక్కపక్క ఇళ్లకు మధ్య ఒకటే గోడ. మా తర్వాతది చివరి పోర్షన్. అందులో కోస్తా నుంచి వచ్చిన సిమెంటు వ్యాపారి కుటుంబం ఉండేది. వాళ్లు మంచిర్యాలకు మారిపోయాక తాళం పడింది. ఇంటి యజమాని ఊళ్లో ఉండడు. ఎవరైనా అద్దెకు వస్తే చూపించమని తాళంచెవి నాకిచ్చాడు. వచ్చినవాళ్లకు నేను ఇంటి విశేషాలు చెప్పేవాణ్ణి. ఆ విశేషాలు విన్నవాళ్లెవరూ తిరిగి రాలేదు.

వానాకాలం. గోడలు చెమ్మగిల్లుతున్నాయని ఒక మధ్యాహ్నం కిటికీలు తెరిచి గాలి ఆడనిద్దామని ఆ పోర్షన్లోకి పోయాను. గోడ అవతల లావణ్య చదువుకోవడం వినిపించింది. ఏదో నది మీద పద్యం. నాకు ఇంగ్లిషు ‘డేంజర్’, ‘నో ఎంట్రీ’ దాకా వచ్చు. కానీ చదివేవాళ్ల గొంతు తెలియడానికి భాష రావక్కర్లేదు. బావిలో పడ్డ చెంబు లోపల్నుంచి మాట్లాడుతున్నట్టుంది. నాలుగు లైన్లు చదవడం, ఆగిపోవడం. మళ్లీ మొదటికి రావడం, మళ్లీ అక్కడే ఆగిపోవడం.

ఆగినప్పుడు పెన్ను వెనకవైపుతో గోడ మీద రెండుసార్లు కొట్టింది. చిన్నప్పటి నుంచీ దానికి అలవాటు, ఏదైనా గుర్తు రాకపోతే అలా టక్ టక్ మనిపిస్తుంది.

నా చెయ్యి దానంతట అదే లేచింది. చేతిలో ఉన్న తాళంచెవితో నేనూ గోడ మీద రెండు దెబ్బలు కొట్టాను.

ఎందుకు కొట్టావంటే, బాయిలో పనిచేయనివాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. లోపల ఒక్కోసారి రెండు జట్లు ఎదురెదురు దిక్కుల నుంచి బొగ్గు కొట్టుకుంటూ ఒకరివైపు ఒకరు వస్తారు. మధ్యలో బొగ్గు గోడ పలచబడేకొద్దీ అవతలివాళ్లు ఎంత దగ్గరికొచ్చారో తెలియాలి. అప్పుడు పని ఆపి గోడ మీద రెండు దెబ్బలు వేస్తాం. అటుపక్క నుంచి రెండు దెబ్బలు రావాలి. అన్నం తింటున్నా సరే, ఎంగిలి చెయ్యితోనే లేచి బదులు కొట్టాల్సిందే. దెబ్బ విని కూడా కొట్టనివాణ్ణి మేం మనిషి కింద లెక్కవేసేవాళ్లం కాదు. రిటైరై ఇన్నేళ్లయినా అది ఒంట్లోంచి పోలేదు. మా ఆవిడ బతికి ఉన్నప్పుడు పక్కింట్లో మేకు కొట్టుకుంటుంటే నేను నిద్రలో మంచం పట్టె మీద బదులు కొట్టేవాణ్ణని చెప్పేది.

నా దెబ్బ పడగానే అటుపక్క చదువు ఆగిపోయింది. పిల్ల జడుసుకుందేమో అనుకున్నాను. చాలాసేపటికి మళ్లీ టక్ టక్. ఈసారి మెల్లిగా, అడుగుతున్నట్టు. నేను కొట్టాను. ఇంకొంచెం ఆగి, పద్యం మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆగే చోట ఆగలేదు. చివరిదాకా చదివి, మళ్లీ రెండు దెబ్బలు. నేను మళ్లీ బదులిచ్చాను.

అది మొదలు. రోజూ మధ్యాహ్నం కోడలికి చాయ్ తాగివస్తానని చెప్పి చెప్పులు టపటపలాడించుకుంటూ వీధిలోకి పోవడం, పక్క సందులోంచి తిరిగివచ్చి ఆ పోర్షన్ తాళం తీసుకుని, నా పాత దగ్గును వీలైనంత ఆపుకుంటూ లోపల కూర్చోవడం. మెల్లిమెల్లిగా ఆ పద్యమంతా నాకు కంఠతా వచ్చేసింది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి.

కాదు. రెండు లైన్లు వచ్చాయి. అవి కూడా తప్పులతో.

కానీ లావణ్య మారిన మాట నిజం. మొదట్లో చదవడమే. తర్వాత చదివినదాని గురించి గోడతో ఇంగ్లిషులో మాట్లాడటం మొదలుపెట్టింది. వాక్యం మధ్యలో తప్పు పోతే ‘సారీ’ అని గోడకు చెప్పి సరిదిద్దుకునేది. గొంతు రోజురోజుకూ బావిలోంచి ఒడ్డుకు వచ్చింది. ఒకనాడు వాళ్లమ్మతో, “సెమినార్ ఐనంక చెప్త అన్న దుకాణమాయనకు” అంది. సుజాత మిషను చక్రం ఆపి కూతురి మొహం చూసి, ఏమీ అడక్కుండా మళ్లీ తిప్పింది. ఒక్కమాట ఎక్కువైనా ఆ పిల్ల మనసు మార్చుకుంటుందని ఇంట్లో అందరికీ భయమే.

ఇక్కడిదాకా ఇందులో వింతేమీ లేదు. ఒక ముసలాడు, ఒక గోడ.

ఒకరోజు పొద్దున్నే కంపెనీ దవాఖానకు పోయాను. ఛాతీ పరీక్ష. ఊపిరితిత్తుల్లో ఎంత బొగ్గు మిగిలిందో అప్పుడప్పుడు చూపించుకోవాలి. ఆ రోజు జనం ఎక్కువ. ఎక్స్‌రే గది ముందే మధ్యాహ్నమైపోయింది. చొక్కా విప్పమంటే జేబులోంచి ఆ తాళంచెవి తీసి పక్క బల్ల మీద పెట్టాను. అది చూసినప్పుడు లావణ్య గుర్తొచ్చింది. ఈపాటికి గోడ కొడుతూ ఉంటుంది. బదులు రాదు. ఇన్నాళ్లు కూడబెట్టిన ధైర్యం ఒక్క పూటలో కరిగిపోతుందేమో. ఎక్స్‌రే తీసేవాడు ఊపిరి బిగబట్టమన్నాడు. అది నేను ముందే బిగబట్టి ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. సుజాత మిషను మీద నుంచి తల ఎత్తకుండానే పలకరించింది.

“దవాఖానకెల్లి సీదా అండ్లకే పోయినవా మామా? ఇంట్లకొచ్చి ఓ చాయ్ తాగిపోతె ఏమైతుండె?”

“ఏ అండ్లకు?”

“ఆ పోర్షన్లకు. నాకు తెల్వదనుకుంటున్నవా. రోజు పిల్ల చదువుతుంటె గోడ కొడ్తవు గద.”

దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను.

“ఇయ్యాలనైతె దగ్గు గూడ లేదు. మందు మంచిగ పనిజేసినట్టున్నది” అంది.

“ఇయ్యాల గూడ ఇన్నవా?” అన్నాను.

“ఇనకేంది. మిషను ఆపినప్పుడల్లా ఇనబడ్డది. పిల్ల గూడ మస్తు జోరుగ చదివింది.”

నేను కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట లావణ్య చెవిన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. భయపడుతుంది. గోడ దగ్గర కూర్చోదు. తర్వాత చీరల దుకాణం. అందుకని, “ఆఁ, మందు మంచిదే” అని లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున ఎవరూ చూడకుండా ఆ పోర్షన్‌కు పోయాను. తాళం వేసినట్టే ఉంది. వెనక తలుపుకు లోపలి గడియ పెట్టినట్టే ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. చెమ్మకు గోడ సున్నం రాలి నేలంతా తెల్లగా పొడి పడి ఉంది. అందులో నా చెప్పుల జాడలు తప్ప ఇంకేమీ లేవు. కాళ్లు ఈడుస్తూ నడుస్తాను కాబట్టి నా జాడ నాకు తెలుస్తుంది.

కారణాలు వెతికాను. మధ్యాహ్నం పూట ఓపెన్ కాస్టులో బ్లాస్టింగ్ చేస్తారు. అప్పుడు మా వీధంతా వణుకుతుంది, గిన్నెలు గలగలమంటాయి, గోడలు బీటలిస్తాయి. అదేనేమో అనుకున్నాను. కానీ బ్లాస్టింగ్ ఒక్కసారి ఉరుముతుంది, పిల్ల కొట్టినప్పుడల్లా ఆగి బదులివ్వదు. బల్లులనుకున్నాను. రేకుల పైకప్పు వేడికి చిటపటమందేమో అనుకున్నాను. ఆ రోజు ఎండే లేదు.

ఎవరితోనైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బేట్టుంది. చాయ్ హోటల్లో రాజమల్లుకు చెప్పాను. వరసకు బావ. నాతో పాటే బాయిలో చేసి, నాతో పాటే రిటైరైనవాడు. జీవితంలో మొదటిసారి ఒక్క మాట కూడా కలపకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన చాయ్ ఊదుకుంటూ మొత్తం విన్నాడు.

“గంతేనా?”

“గంతేనంటె ఏందే. నేను దవాఖానల ఉన్న. తాళంచెవి నా జేబుల ఉన్నది.”

“అది ఇన్న. కని చప్పగున్నది ఓదెలు బావా. నీ కత తీరు లేదు. పానం మంచిగుంటలేదా?”

అబద్ధాలతో పేరు తెచ్చుకున్నవాడికి నిజం జరగడమంత కష్టం ఇంకోటి లేదు. నాకు పౌరుషం వచ్చింది. గదిలో మల్లెపూల వాసన వచ్చిందన్నాను. గజ్జెల చప్పుడు అన్నాను. సున్నం పొడిలో తడి పాదాలున్నాయి, అవి వెనక్కి తిరిగి ఉన్నాయి అన్నాను.

“ఆఁ, గిప్పుడు జర కత లెక్కున్నది” అని రాజమల్లు తృప్తిగా గ్లాసు కింద పెట్టాడు.

ఇంటికి వస్తుంటే నా తెలివితక్కువతనం అర్థమైంది. ఇది నడిచి నడిచి లావణ్య దగ్గరికే వస్తుంది. వెనక్కి పోయి రాజమల్లును పట్టుకుని సంగతంతా చెప్పి, పిల్ల సెమినార్ అయ్యేదాకా నోరు మూసుకోమని బతిమాలాను.

“నోరు మూసుకునుడైతె నాతోని కాదు బావా. ఊరు మార్చి చెప్త” అన్నాడు.

మాట మీద నిలబడ్డాడు. ఇప్పటికీ రామకృష్ణాపూర్ వైపు మల్లెపూల వాసనతో ఒక గోడ కథ తిరుగుతోందని విన్నాను. అది మీ దాకా వస్తే అందులోంచి మల్లెలు, గజ్జెలు, పాదాలు తీసేయండి. అవి నావి. తాళం, ఎక్స్‌రే, మా కోడలి మాట, ఇవి మాత్రం ఉంచండి.

ఆ తర్వాత రోజూ నేనే పోయి కూర్చున్నాను. ఒకరోజు పరీక్ష పెడదామనుకున్నాను. లావణ్య కొట్టినప్పుడు నేను ఊరుకుంటాను, ఇంకెవరైనా కొడతారో లేదో చూస్తాను అని. ఆమె కొట్టింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గది నిశ్శబ్దంగా ఉంది. అటుపక్క కుర్చీ కిర్రుమంది. రెండోసారి కొట్టింది, మొదటిసారంత గట్టిగా కాదు. ఇంకో క్షణం ఆగి ఉంటే ఏం తేలేదో తెలియదు. ఆగలేకపోయాను. తాళంచెవితో గబగబా కొట్టేశాను. పరీక్ష అక్కడితో అయిపోయింది.

సెమినార్ రోజు వచ్చింది. పొద్దున లావణ్యకు జ్వరం రాలేదు. అందరం ఏదో ఒక సాకుతో ఒక్కొక్కసారి దాని చెయ్యి పట్టుకుని చూశాం.

“నువ్వు రాకు తాతా. నువ్వుంటె ఇంకింత భయమైతది” అంది గడప దిగుతూ.

“నేనెందుకస్త. నాకు చాయ్ పని ఉన్నది” అన్నాను.

నీళ్ల సీసా మరిచిపోయింది. అది నాకు చాలు. ఆటో ఎక్కి వెనకే పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. రిటైర్డ్ ఓవర్‌మన్‌ను, మేడమ్‌తో పని ఉందన్నాను. సలాం కొట్టి లోపలికి వదిలాడు.

క్లాసు వరుసలో ఆఖరి గదిలో. సన్నగా వాన పడుతోంది. వరండాలో కిటికీ పక్కన గోడకు అంటుకుని, లోపలివాళ్లకు కనబడకుండా నిలబడ్డాను. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో మడిచిన గొడుగు. లోపల ఒక్కొక్కరూ వచ్చి చదివి పోతున్నారు. తర్వాత మేడమ్ లావణ్య పేరు పిలిచింది.

అడుగుల చప్పుడు. ముందుకొచ్చి నిలబడ్డట్టుంది. ఆపైన ఏమీ లేదు.

నేను లోకంలో చాలా నిశ్శబ్దాలు విన్నాను. బాయిలో పంపు ఆగిపోయినప్పుడు వచ్చే నిశ్శబ్దం కూడా విన్నాను. ఇంత పొడుగ్గా మాత్రం లేదు. బెంచీ ఎవరో జరిపారు. ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు ముక్కులోంచి వచ్చింది. “పర్వాలేదమ్మా, మెల్లిగా మొదలుపెట్టు” అంది మేడమ్. లావణ్య మొదలుపెట్టలేదు.

నేనే గోడ కొడదామా అనుకున్నాను. కొడితే వరండాలోకి అందరి తలలూ తిరుగుతాయి. తాత వచ్చాడని నవ్వుతారు. ఇంక ఆ పిల్ల ఈ కాలేజీ మెట్లెక్కదు. కొట్టకపోతే ఇప్పుడే దిగిపోతుంది. గొడుగు కింద పెట్టాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగా లోపల టక్ టక్ మని వినిపించింది. వెనక ఉన్న నల్లబల్ల మీద వేళ్లతో కొట్టినట్టుంది.

నా చేతులు రెండూ నిండి ఉన్నాయి. ఆ మాట మళ్లీ చెబుతున్నాను. సీసా, గొడుగు.

నల్లబల్ల వెనక నుంచి రెండు దెబ్బలు వచ్చాయి.

పెద్ద చప్పుడేమీ కాదు. మొద్దుగా, నిదానంగా, గోడ బాగా పలచబడ్డాక అవతలివాడు కొట్టినట్టు. నాకు వినిపించింది. నాకు మాత్రమే కాదు, “వెనకాల ఎవరది? క్లాసు జరుగుతోంది” అని మేడమ్ గట్టిగా అంది. ఆ మాట పూర్తవకముందే లావణ్య గొంతు వినిపించింది. నది పద్యం. మొదటి లైను కొంచెం వణికింది, రెండోది వణకలేదు. చివరిదాకా చదివింది. తర్వాత దాని గురించి మాట్లాడింది. మేడమ్ ఏదో అడిగితే ఒక క్షణం ఆలోచించి జవాబు కూడా చెప్పింది.

క్లాసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు.

లేదు, అదేమీ జరగలేదు. కొందరు చప్పట్లు కొట్టారు. మేడమ్ ‘గుడ్’ అని తర్వాతి పేరు పిలిచింది. మాకు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

నేను మెల్లిగా గది వెనక్కి పోయాను. నల్లబల్ల ఉన్న గోడ వెనక నేల ఏటవాలుగా మురుగుకాలువలోకి దిగుతుంది. ముళ్లకంపలు గోడను ఆనుకుని నడుం ఎత్తున పెరిగి ఉన్నాయి. మనిషి నిలబడే చోటు లేదు. తొక్కిన గుర్తు లేదు. కొమ్మ కొమ్మకూ వాన చుక్కలు రాలకుండా నిలిచే ఉన్నాయి. ఎవరైనా దూరి ఉంటే అవి రాలిపోయేవి. నా గొడుగు చివరతో ఒక కొమ్మను తాకి చూశాను, జలజలా రాలాయి.

తిరిగి వరండాలోకి వచ్చేసరికి లావణ్య బయట నిలబడి ఉంది. నన్ను చూసింది. నా చేతిలో సీసా చూసింది.

“రావద్దన్న గద తాతా.”

“నీళ్లు మరిచిపోయినవు బిడ్డా.”

“నీళ్లకొచ్చినవా, గోడ కొట్టనీకొచ్చినవా?”

నేను సీసా ముందుకు చాచాను. అది నవ్వింది. అంత నిండుగా నవ్వడం చిన్నప్పుడెప్పుడో చూశాను.

“మొదటిరోజే తెలుసు నాకు. నీ దగ్గును గోడ ఆపుతదా? అమ్మకు గూడ నేనే చెప్పిన. నువ్వు చాయ్‌కని పోయి అటు దిక్కు కూసుంటున్నవంటె, పాపం ముసలాయన, చదువకపోతె ఫికర్ చేస్తడని చదివిన.” సీసా మూత తీసి గడగడా తాగి, మూతి తుడుచుకుంది. “ఇయ్యాల మాత్రం దగ్గు మంచిగ ఆపుకున్నవు. నువ్వు వచ్చినవని ఎరుకైనంకనే నోరు తెరిసిన.”

జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది.

“అవును బిడ్డా. మస్తు కష్టమైంది ఆపుకునుడు” అన్నాను.

ఇద్దరం ఒకటే గొడుగులో గేటు దాకా నడిచాం. వాచ్‌మన్ మళ్లీ సలాం కొట్టాడు. లావణ్య ఎందుకని అడిగింది. తర్వాత చెబుతానన్నాను.

లావణ్య డిగ్రీ పాసైంది. ఇప్పుడు వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి ఎమ్మే ఇంగ్లిషు చదువుతోంది. మొన్న ఫోన్ చేసినప్పుడు, నిండా జనమున్న హాల్లో మాట్లాడానని, ఈసారి ఏ గోడా కొట్టలేదని చెప్పింది. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను. ఇంకా ముందు రాసే ధైర్యం నాకు లేదు.

దవాఖాన రోజున ఆ తాళం వేసిన గదిలో కొట్టింది నేను కాదు. కాలేజీలో నల్లబల్ల వెనక కొట్టింది కూడా నేను కాదు. మేడమ్ విన్నది, మా కోడలు విన్నది, నేను విన్నాను. ఎవరు కొట్టారో ఎంత ఆలోచించినా నాకు తోచడం లేదు. తోచనప్పుడు ఒక దయ్యాన్ని అల్లి పెట్టడం నాకు చిటికెలో పని. ఈ ఒక్క దాని విషయంలో మాత్రం చేతులు రావడం లేదు.

నేను చేయని పనులు ఎన్నో చేశానని ఊరంతా చెప్పుకుని తిరిగాను. వాటిల్లో నేను చేసి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపించేది ఆ రెండు దెబ్బలే.